యాభై ఒకటో ఏట కొత్త లాయరు

క్లీవ్‌లాండ్, ఒహాయో
4 ఆగస్టు 1996

అమ్మడూ,

లాయరు పట్టా కోసం బార్ పరీక్ష రాసేశాను. కొలంబస్‌లో ఒక పెద్ద హాల్లో వెయ్యిమందిమి కూర్చుని రాశాం. నా పక్క బల్ల అమ్మాయికి నీ ఈడే ఉంటుంది. మొదటిరోజు పొద్దున నన్ను చూసి కాగితాలు పంచే ఉద్యోగిననుకుని, పెన్సిలు చెక్కుకునేది ఎక్కడండీ అని అడిగింది. చూపించాను. తిరిగొచ్చేసరికి నేను తన పక్కనే పరీక్షకి కూర్చుని ఉన్నాను. పాపం, తర్వాత ఒక్కరోజు కూడా నా వైపు తల తిప్పలేదు.

ఎలా రాశావని అడగొద్దు. పన్నుల మీద పెద్ద ప్రశ్న వస్తుందని ఆశపడ్డాను, రాలేదు. ఆ హాల్లో అలా ఆశపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇక అసలు సంగతి. ఫలితాలు నవంబరులో గాని రావు. అందాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం నావల్ల కాదు. అందుకని ప్రభుత్వంలో పన్నుల లాయర్ల ఉద్యోగాలకి దరఖాస్తులు తెప్పించాను. మూడు. ఒకటి వాషింగ్టన్‌లో న్యాయశాఖది, ఒకటి మన రాష్ట్రానిది, ఇంకొకటి కేంద్ర పన్నుల శాఖలో లాయర్ల విభాగానిది. నా ప్రాణమంతా ఈ మూడోదాని మీదే ఉంది. అందులో చేరితే పన్నుల కోర్టులో ప్రభుత్వం తరఫున నిలబడి మాట్లాడాలి. కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన వాళ్ల కోసం పెట్టిన మొదటి మెట్టు ఉద్యోగం. నేనూ అప్పుడే బయటికొచ్చినవాణ్ణే కదా. ఇంత వయసు లోపే ఉండాలని ఎక్కడా రాయలేదు. రెండుసార్లు చూశాను.

ఈ మాట డిపోలో చెప్తే, నా తర్వాతి బస్సు నడిపే క్లీఫస్ పడీపడీ నవ్వాడు. "ఇరవై నాలుగేళ్లు జనం చేత తిట్లు తిన్నది చాల్లేదా లూషస్? దేశమంతా కలిసి తిట్టే ఉద్యోగం వెతుక్కున్నావు" అన్నాడు. వాడికెలా చెప్పను? సాయంత్రం కాలేజీలో పన్నుల క్లాసు మొదలవగానే సగంమంది కునికేవాళ్లు. నాకు మాత్రం ఆ పుస్తకం మా రూటు టైమ్‌టేబుల్ లాగానే కనిపించేది. ఒక రూలు, దాని కింద ఆదివారాలు తప్ప, సెలవులు తప్ప, ఫలానా వీధి దాటాక తప్ప. అలాంటివి చదవడమే కదా నా బతుకంతా.

దరఖాస్తుతో ఒక వ్యాసం రాయాలి. ప్రభుత్వంలో ఎందుకు పనిచేయాలనుకుంటున్నారో చెప్పాలట. మూడు పేజీలు రాశాను, ఇందులో పెట్టాను. మొహమాటపడకుండా చెప్పు.

నాన్న

*

ఓడ మీద, మధ్యధరా సముద్రం
25 ఆగస్టు

నాన్నా,

మొహమాటం వద్దన్నావు గనక చెప్తున్నాను. మూడు పేజీల్లో రెండు తీసెయ్. దేవుడు నాలుగుసార్లు వచ్చాడు, ఒకసారి చాలు. "బాల్యము నుండియు న్యాయశాస్త్రము పట్ల నాకు గల తృష్ణ" అని రాశావు. నీకు చిన్నప్పుడు బేస్‌బాల్ తప్ప ఇంకే తృష్ణా లేదని నానమ్మ చెప్పగా నేను విన్నాను.

అది సరే, బస్సేదీ?

మూడు పేజీలూ రెండుసార్లు వెతికాను. "రవాణా రంగమున విశేషానుభవము" అని ఒక ముక్క దొరికింది. అది చదివినవాళ్లు నీకు ఓడల కంపెనీ ఉందనుకుంటారు. నువ్వు కిన్స్‌మన్ రోడ్డు మీద ఇరవై నాలుగేళ్లు బస్సు నడిపావు. నడుపుతూనే లా చదివావు. ఆ కుర్రకారు మధ్య చిన్నతనంగా ఉందా నాన్నా? నేను నేవీ ఓడ అడుగున ఇంజిన్లు బాగుచేస్తాను, నా గోళ్లలో గ్రీజు ఎన్నడూ వదలదు. మా నాన్న బస్సు డ్రైవరని ఇక్కడ అందరికీ నేనే చెప్పుకుంటాను. నువ్వేమో దాచుకుంటున్నావు.

ఆ టోపీ ముసలాయన సంగతి రాయి. రోజూ గడువు దాటిన టికెట్టు చూపించి నీతో పోట్లాడేవాడు చూడు. ఒకరోజు నువ్వు బస్సు పక్కకి ఆపి, టికెట్టు వెనకాల అచ్చేసిన రూలు గట్టిగా చదివి వినిపించావు. తీరా చదివితే ఆ రోజు సెలవు దినం, రూలు ప్రకారం ఆయనదే రైటు. భోజనాల దగ్గర నువ్వది చెప్పి ఎంత నవ్వావో నాకింకా గుర్తు. ప్రభుత్వం తరఫున నిలబడేవాడికి అంతకంటే ఏం కావాలి? అదొక్కటీ రాసి పంపు.

కొరీన్

*

క్లీవ్‌లాండ్
20 సెప్టెంబరు

అమ్మడూ,

పంపాను. ఒకటే పేజీ. దేవుడు అసలే లేడు, టోపీ ముసలాయన ఉన్నాడు.

ఇప్పుడు విను. కేంద్ర పన్నుల శాఖ వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. నవంబరు 13న, ఇక్కడే మన ఊళ్లోనే, ఫెడరల్ బిల్డింగ్‌లో. ఉత్తరం పోస్టు డబ్బాలోంచి తీసి అక్కడే నిలబడి చదివాను. పక్కింటి ట్రిమ్‌బుల్ గారు వరండాలోంచి, ఎవరైనా పోయారా లూషస్ అని అడిగింది. నా మొహం అలా ఉందట. సంగతి చెప్తే చీపురు పడేసి వచ్చి కౌగిలించుకుంది.

ఆవిడే నన్ను సూటు కొనడానికి తీసుకెళ్లింది. నేను గోధుమరంగు అన్నాను, ఆవిడ ముదురు నీలం అంది. ముదురు నీలమే కొన్నాం. సాక్సుల దగ్గర పెద్ద వాదన జరిగింది. నల్లవి నా దగ్గర ఉన్నాయన్నాను. అవి డ్రైవరు సాక్సులు, లాయరు సాక్సులు మోకాలిదాకా ఉండాలి, కూర్చున్నప్పుడు పిక్కలు కనిపించకూడదు అంది. కొట్టువాడు కూడా ఆవిడ పక్షమే. రెండు జతలు కొనిపించి గాని వదల్లేదు.

ఇంటర్వ్యూ రోజున నింపి తీసుకురమ్మని ఒక ఫారం కూడా పంపారు. మామూలుదే.

సముద్రం ఎలా ఉంది? నీ చెవి నొప్పి తగ్గిందా?

నాన్న

*

ఓడ మీద
3 అక్టోబరు

నాన్నా,

నీ ఉత్తరం ఇంజిన్ గదిలో అందరికీ చదివి వినిపించాను. మా పై అధికారి ఒకాంపో గారు పని ఆపించి మరీ విన్నాడు. ఇక్కడ ఇప్పుడు అందరూ నీకు కోచ్‌లే. షిఫ్టు మారేటప్పుడు ఒకళ్లు నువ్వవుతారు, ఇంకొకళ్లు ఇంటర్వ్యూ చేస్తారు. నిన్న నువ్వు ఓడిపోయావు, ఒకాంపో గారు మరీ కఠినంగా అడిగాడు. ఆయన ప్రశ్నలు పంపుతున్నాను, అద్దం ముందు నిలబడి జవాబులు చెప్పుకో. చేతులు జేబులో పెట్టుకోకు. "అదేంటంటే" అని మొదలుపెట్టకు.

ఒక్క మాట. సాక్సుల గురించి పేరా అంతా రాశావు, ఫారం గురించి ఒక ముక్క రాసి వదిలేశావు. నేను నీ కూతుర్ని. ఆ ఫారంలో ఏముంది?

కొరీన్

*

క్లీవ్‌లాండ్
13 అక్టోబరు

కొరీన్,

నీకు చెప్పకుండా ఉండగలననుకున్నాను.

ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. మీరు దాఖలు చేయవలసిన పన్ను రిటర్నులన్నీ గడువులోగా దాఖలు చేశారా, అవును, కాదు. పన్నుల లాయరు కాబోయేవాణ్ణి అడగాల్సిన ప్రశ్నే. నేను ఒకటి దాఖలు చెయ్యలేదు. 1984 సంవత్సరానిది.

ఆ ఏడు అక్టోబరులో మీ అమ్మ ఆర్డెల్ పోయింది. అప్పటికి నీకు పదేళ్లు. మన ఇంట్లో ఆ కాగితాలన్నీ ఆర్డెలే రాసేది, వంటింటి బల్ల మీద, తల్లో పెన్సిలు పెట్టుకుని. ఎనభై అయిదు జనవరిలో ప్రభుత్వం వాళ్ల ఫారాల పుస్తకం వచ్చింది. దాని మీద అంటించుకోవాల్సిన చీటీ వాళ్లే అచ్చేసి పంపారు, లూషస్, ఆర్డెల్ పెటవే అని. ఆ ఏడుకి ఇద్దరి పేరునా పంపొచ్చు, కాకపోతే ఆమె పేరు పక్కన "మరణించారు" అని రాసి తేదీ వెయ్యాలి. మూడు ఆదివారాలు కూర్చున్నాను. ఆ మాట రాయలేకపోయాను. తీసుకెళ్లి అటక మీద పెట్టేశాను. ఆ మరుసటేడు నుంచి ఫారంలో ఆమె పేరు రాసే పనే లేదు గనక ప్రతిసారీ గడువుకి ముందే పంపాను.

ఎవరూ అడగలేదు. పన్ను జీతంలోనే కోసుకున్నారు కదా. నిజానికి వాళ్లే కొంత తిరిగి ఇవ్వాల్సింది, అడక్కపోతే మూడేళ్లకి అదీ పోతుందని రూలు. ఆ రూలు ప్రొఫెసరు క్లాసులో చెప్తుంటే నాకు అటక మీది ఫారం గుర్తొచ్చింది. ఆ రోజు నుంచే పన్నుల పుస్తకం వదల్లేదు. ఆ టైమ్‌టేబుల్ సంగతి నీకు రాసింది అబద్ధం కాదు, కానీ మొత్తం చెప్పలేదు.

క్లీఫస్ అంటాడు, పన్నెండేళ్ల నాటి సంగతి ఎవడు తవ్వుతాడు, అవును అని పెట్టెయ్ అని. నాతో చదివిన ఒక కుర్రాడూ అదే మాటన్నాడు. కాదు అని పెడితే గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తారన్నాడు. అది నిజం కావచ్చు. నాలుగేళ్ల సాయంత్రాలన్నీ ఈ ఒక్క ఉద్యోగం మీద పెట్టాను తల్లీ.

నువ్వేమంటావు?

నాన్న

*

ఓడ మీద
26 అక్టోబరు

నాన్నా,

నువ్వు నన్ను సలహా అడగడం లేదు. ఏం చెయ్యాలో ఎప్పుడో తేల్చుకున్నావు. ఒక సాక్షి కావాలి నీకు. సరే, నేనున్నాను.

ఆ ఆదివారాలు నాకు గుర్తున్నాయి. నువ్వు బల్ల ముందు కూర్చుంటే కోపంగా ఉన్నావనుకుని నేను మెట్ల మీదే ఆడుకునేదాన్ని. కోపం కాదని ఈ ఉత్తరం వచ్చాక తెలిసింది. మంచం మీద పడుకుని ముసుగు తన్ని ఏడ్చాను. తర్వాత బానే ఉన్నాను.

నేను కూడా ఒకటి దాచాను. మార్చిలో ప్రమోషన్ పరీక్ష తప్పాను. నువ్వు బార్‌కి చదువుకుంటున్నావు కదా అని చెప్పలేదు. పోయిన నెల మళ్లీ రాశాను. ఈసారి ఏమవుతుందో చూడాలి.

అమ్మ పేరు పక్కన ఆ మాట రాసెయ్ నాన్నా. ఫారంలో కాదు అనే పెట్టు. వెనక్కి పంపిస్తే పంపించనీ. సూటు ఎలాగూ ఉంది, ఇద్దరం కలిసి చర్చికి వెళ్దాం.

కొరీన్

*

క్లీవ్‌లాండ్
14 నవంబరు

అమ్మడూ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా చెప్తాను.

ముందు, బార్ పాసయ్యాను. పేపర్లో జాబితా వేశారు. పెటవే, లూషస్. డిపో గోడ మీద క్లీఫస్ అది అంటించి, నా పేరు చుట్టూ ఎర్ర సిరాతో ఎంత పెద్ద సున్నా చుట్టాడంటే పైనా కిందా ఉన్నవాళ్లు కూడా అందులోకి వచ్చేశారు.

రెండోది. నీ ఉత్తరం నాలుగో తేదీన వచ్చింది. నేను అంతకు ముందురోజే రాసేశాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, మంచి వెలుతురుండగా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆర్డెల్ పేరు పక్కన ఆ మాట రాసి తేదీ వేశాను. రాశాక లేచి అంట్లు తోముకున్నాను. సోమవారం నేనే పన్నుల ఆఫీసు కౌంటరు దగ్గరికి పట్టుకెళ్లాను. అక్కడి ఆవిడ సంవత్సరం చూసి, ఇప్పుడిచ్చినా మీకొచ్చేదేమీ లేదండీ, గడువెప్పుడో పోయింది అంది. తెలుసమ్మా, ముద్ర వేసివ్వండి చాలన్నాను. ఆవిడ పై వరసలో పేర్లు మళ్లీ చదివింది. మామూలుగా కొట్టినట్టు కాకుండా నెమ్మదిగా ముద్ర వేసింది.

మూడోది నిన్నటి ఇంటర్వ్యూ. ముగ్గురు కూర్చున్నారు. పెద్దావిడ పేరు హాల్వర్సన్, నా వయసే ఉంటుంది, కళ్లజోడు తలమీదికి తోసుకుని చూస్తుంది. మిగతా ఇద్దరూ కుర్రవాళ్లు. అందులో ఒకతను, మీ పై అధికారికి ముప్ఫై ఏళ్లే ఉండొచ్చు, ఇబ్బందా అన్నాడు. మా డిపోలో నాకు టైములిచ్చే మనిషికి ఇరవై ఆరండీ, అతను చెప్పిన టైముకే బస్సు తీశాను అన్నాను. టోపీ ముసలాయన గురించి మళ్లీ చెప్పించుకుని నవ్వారు. ఒకాంపో గారి ప్రశ్నలు రెండు అచ్చంగా వచ్చాయి, ఆయనకి చెప్పు.

తర్వాత హాల్వర్సన్ గారు ఫారం తీసింది.

"మిస్టర్ పెటవే, ఇక్కడ కాదు అని పెట్టారు. తొమ్మిదిరోజుల క్రితం దాఖలు చేసినట్టు కాగితం జతచేశారు. పన్నెండేళ్లు ఎందుకు ఊరుకున్నారు?"

చెప్పాను. ఉన్నదున్నట్టు, ఆ మాటతో సహా. చేతులు జేబులో పెట్టుకోలేదు.

ఆవిడ ఫారం బల్ల మీద పెట్టింది. తర్వాత అంది, "ఇలా పన్నెండేళ్లు ఊరుకున్న మనిషి కోర్టులో మీకెదురుగా నిలబడితే, మీరెవరి తరఫున మాట్లాడతారు?"

"ప్రభుత్వం తరఫునేనమ్మా. జీతం ఇచ్చేది వాళ్లే. కానీ మీరిప్పుడు నన్నడిగింది ముందు అతన్ని అడుగుతాను. ఎందుకని నన్నడిగింది మీరొక్కరే."

ఆవిడ ఏదో రాసుకుంది. ఈ ఊళ్లో ఖాళీ లేకపోతే వేరే ఊరు వెళ్తారా అంది. ఒకే రోడ్డు మీద ఇరవై నాలుగేళ్లు తిరిగాను, ఎక్కడికైనా వెళ్తానన్నాను. బయటికొచ్చి సూటుతోనే సాసేజి రొట్టె తిన్నాను, బార్బెక్యూ సాసు టై మీద పడింది. ఇంటర్వ్యూ అయ్యాకే పడింది, కంగారుపడకు.

నాన్న

*

ఓడ మీద
30 నవంబరు

నాన్నా,

పాసయ్యాను. భుజం మీద ఇంకో గీత వస్తుంది. నీ ఉత్తరం, నా ఫలితం ఒకే రోజు వచ్చాయి. ఒకాంపో గారు కేకు చేయించి దాని మీద "లాయరు గారు, కొరీను" అని రాయించాడు. వంటవాడికి స్థలం చాలక నీ పేరు లాయరు గారితోనే ఆగిపోయింది.

ఆ హాల్వర్సన్ గారికి నువ్వు చెప్పిన జవాబు ఇక్కడ ఎవరూ ఊహించలేదు. మేం రాసిపెట్టినవన్నీ దానిముందు చప్పగా ఉన్నాయి.

ఉత్తరం రాగానే రాయి. ఏదైనా సరే.

కొరీన్

*

క్లీవ్‌లాండ్
20 డిసెంబరు

అమ్మడూ,

వాషింగ్టన్ వాళ్లు వద్దన్నారు. నాలుగు వరసల ఉత్తరం, అందులో నా పేరు తప్పు రాశారు. రాష్ట్రం వాళ్లు వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నించమన్నారు. రెండూ ఒకే రోజు వచ్చాయి. ఆ రోజు నీకు రాయలేదు.

నిన్న మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాను, ఫోను మోగింది. హాల్వర్సన్ గారు. ఉద్యోగం ఉంది, కాకపోతే ఆల్బకర్కీలో, న్యూ మెక్సికో, ఆలోచించుకోవడానికి వారం తీసుకోండి అంది. ఆవిడ వారం అనే మాట పూర్తిచేసేలోపే వస్తానన్నాను. ఫోను పెట్టేశాక అట్లాసులో వెతికాను. చాలాసేపు పట్టింది. నేను ఒహాయో వైపే వెతుకుతున్నాను.

పన్నుల లాయర్ని. నేను. ఒక బూటుతో వరండాలోకి వెళ్లి ట్రిమ్‌బుల్ గారిని పిలిచాను, మంచులో.

డిపోలో అందరూ చేతులు కలిపారు. క్లీఫస్ మాత్రం చాలాసేపు బస్సు అద్దం తుడిచాడు. చివరికి, నా రిటర్ను ఒకసారి చూసిపెట్టి వెళ్లకూడదా అన్నాడు. ఇక చూడకూడదురా, నేను ప్రభుత్వం మనిషినన్నాను. అయితే నిన్ను ఇప్పటి నుంచే తిడతాను అని, నా మెడ చుట్టూ చెయ్యి వేసి వదల్లేదు.

ఫిబ్రవరిలో చేరాలి. ఇల్లు అమ్మేస్తాను. ఇద్దరం లేని ఇల్లెందుకు?

నాన్న

*

నార్‌ఫోక్, వర్జీనియా
11 జనవరి 1997

నాన్నా,

ఓడ రేవుకి చేరింది. ఉత్తరం ఇక్కడే అందింది.

ఒకరోజంతా నీ మీద కోపంగా ఉన్నాను. ఉద్యోగం గురించి నాలుగు పేరాలు, ఇల్లు గురించి రెండు ముక్కలు. నన్నొక్క మాట అడగొచ్చు కదా. అది అమ్మ ఉన్న ఇల్లు.

మర్నాడు ఆలోచించాను. నేను పద్దెనిమిదేళ్లకి ఆ ఇల్లు వదిలి నేవీలో చేరినప్పుడు నువ్వు నన్నొక్క మాట అనలేదు. సూట్‌కేసు తాళం సరిగ్గా పడుతుందో లేదో మాత్రం చూశావు. కాబట్టి అమ్మెయ్. నా గది గోడకున్న చీటీలు నువ్వు చదవకుండా చింపెయ్. ఏప్రిల్‌లో నాకు సెలవుంది, ఆల్బకర్కీకి వస్తాను.

నీ గురించి ఎంత గర్వంగా ఉందో రాయడం నాకు రాదు.

కొరీన్

*

ఆల్బకర్కీ, న్యూ మెక్సికో
20 మే 1997

అమ్మడూ,

నువ్వు వెళ్లాక నెల తిరిగింది. ఇంకా ఇక్కడ హోటల్లో గుడ్లు చెప్పినా పైన పచ్చిమిరప సాసా ఎర్రమిరప సాసా అనే అడుగుతున్నారు. ఇప్పుడు నేనే రెండూ అంటున్నాను.

నిన్న నా మొదటి కోర్టు. పన్నుల కోర్టు జడ్జి వాషింగ్టన్ నుంచి ఇక్కడికి ఏడాదికి కొన్నిసార్లే వస్తాడు. నా పై అధికారి టఫోయాకి ముప్ఫై రెండేళ్లు, మంచి కుర్రాడు. చిన్న కేసొకటి నాకిచ్చి తను వెనక కూర్చున్నాడు. కేసు యూఫీమియా బాకా అనే ఆవిడది. కూతురి పిల్లలు ముగ్గుర్ని తనే పెంచుతూ, వాళ్ల పేరున పన్ను తగ్గింపు అడిగింది. వాళ్లు నీ దగ్గరే ఉన్నారని రుజువేదీ అని మా శాఖ ఉత్తరాలు రాసింది, ఈవిడ జవాబివ్వలేదు. లాయరు లేడు.

గంట ముందే వెళ్లాను. నడవాలో బెంచీ మీద ఒకావిడ ఒళ్లో బిస్కట్ల డబ్బా పెట్టుకుని, దాని మూత రెండు చేతులతో నొక్కి పట్టుకుని కూర్చుని ఉంది. నా సూటు చూసి లేచి నిలబడింది.

"మీరేనా అండీ నా లాయరు?"

"కాదమ్మా. నేను అవతలి పక్షం లాయర్ని. కూర్చోండి. ఆ డబ్బాలో ఏమున్నాయి?"

ఆవిడ చాలాసేపు తటపటాయించింది. నేను పక్కనే కూర్చున్నాను. చివరికి మూత తీసింది. బడి ఉత్తరాలు, టీకాల కార్డులు, పళ్ల డాక్టరు చీటీలు, అన్నిటి మీదా ఆవిడ ఇంటి చిరునామానే. ఇవి మాకెందుకు పంపలేదమ్మా అంటే, పోస్టులో పోతాయేమోనని భయపడ్డానంది. పోయినేడు ఇల్లు మారింది, మా ఉత్తరాలు సగం పాత ఇంటికే వెళ్లాయి. బెంచీ మీద ముగ్గురి కాగితాలూ మూడు దొంతరలు పెట్టాం. టఫోయా వచ్చి నిలబడే చదివాడు, మూడూ చదివి తలూపాడు.

పేరు పిలిచారు. లేచి నిలబడి, "ప్రభుత్వం తరఫున లూషస్ పెటవే" అన్నాను. కాగితాలన్నీ చూశామని, ఆవిడ చెప్పింది ముగ్గురి విషయంలోనూ నిజమేనని, ప్రభుత్వం ఒప్పుకుంటోందని చెప్పాను. జడ్జి కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, అన్నిటికీనా అన్నాడు. అన్నిటికీనండీ అన్నాను. మూడు నిమిషాలు పట్టి ఉంటుంది.

బాకా గారికి అర్థం కాలేదు. కోర్టు బయట నా కోటు చెయ్యి పట్టుకుని, మళ్లీ ఎప్పుడు రావాలి అంది. ఇక రానక్కర్లేదమ్మా, మీరు గెలిచారన్నాను. ఆవిడ డబ్బా గుండెకి హత్తుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరు నిజంగా అవతలి వాళ్లేనా?" అంది.

"అవునమ్మా, నిజంగానే" అన్నాను.

నాన్న